బ్రాకెట్టు దగ్గర ఆగిన ఎర్ర పెన్ను

త్రికోణమితిలో ‘నిరూపించండి’ లెక్కకు ఒక విచిత్రమైన గుణం ఉంది. జవాబు ప్రశ్నలోనే ఉంటుంది. వడ్డీ లెక్కయితే చివరి అంకె చూసి సగం తప్పొప్పులు తేల్చేయొచ్చు. గుడి గోపురం ఎత్తు కనుక్కోమన్నా అంతే. సర్వసమీకరణం సంగతి వేరు. బయల్దేరే చోటూ చేరే చోటూ రెండూ ప్రశ్నపత్రం మీదే అచ్చై ఉంటాయి. పిల్లల సొంతం అనదగ్గది మధ్యలో రాసిన నాలుగైదు లైన్లే. కాబట్టి చివరి లైను చూసి రైటు కొట్టడానికి లేదు. క్లాసులో అందరి చివరి లైనూ ఒకటే. ‘= ఆర్‌హెచ్‌ఎస్’ అని రాసి కింద రెండు గీతలు గీయని పుస్తకం నా కంట పడలేదు.

అందుకే ఈ లెక్కలు దిద్దడం వేరే పని అని నా నమ్మకం. ఆ పనిలో చెయ్యి తిరిగిన మాస్టారు ఒకరు నాకు తెలుసు. గోదావరి జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతారు. ఆయన స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూడటం నాకు పాత అలవాటు. పాఠం బాగా చెప్పేవాళ్లను అందరూ పొగుడుతారు. బాగా దిద్దేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఆ పని ఎవరికీ కనబడదు మరి. స్టాఫ్ రూములో, కట్టలు కట్టిన కాగితాల మధ్య అయిపోతుంది.

ఆ రోజు పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్న ఇది:

(టాన్ + సెక్ − 1) / (టాన్ − సెక్ + 1) = (1 + సైన్) / కాస్

ప్రతి దాని పక్కనా థీటా ఉందనుకోండి. చోటు కలిసొస్తుందని నేను వదిలేస్తున్నాను గానీ మాస్టారు దీన్ని ఒప్పుకోరు. ‘ఏ కోణానికి సైన్?’ అని పక్కన రాసి ప్రశ్నార్థకం పెడతారు.

పదో తరగతి చదివిన వాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. కిటుకంతా లవంలో ఉన్న ఆ 1 దగ్గర ఉంది. లంబకోణ త్రిభుజంలో పైథాగరస్ చెప్పిందాన్ని ఆసన్న భుజం వర్గంతో భాగిస్తే 1 + టాన్² = సెక్² వస్తుంది. అంటే సెక్² − టాన్² అన్నది 1కే ఇంకో రూపం. లవంలో 1 తీసేసి దాన్ని పెడితే, అది (సెక్ + టాన్)(సెక్ − టాన్) గా విడిపోతుంది. ముందున్న (టాన్ + సెక్) తో కలిపి కామన్ తీస్తే, బ్రాకెట్టులో మిగిలేది 1 − సెక్ + టాన్. కింద హారంలో ఉన్నదీ అదే. రెండూ కొట్టేస్తే మిగిలింది టాన్ + సెక్. దాన్ని సైన్, కాస్‌లలోకి మారిస్తే (1 + సైన్) / కాస్. నాలుగు లైన్లలో అయిపోతుంది.

చాలామంది మాస్టార్లు చెప్పని సంగతి ఇంకోటుంది. లవంలో 1నే మార్చాలన్న నియమం ఏమీ లేదు. హారంలో 1ని మార్చినా లెక్క తెగుతుంది. అప్పుడు కింద (సెక్ − టాన్)(సెక్ + టాన్ − 1) వచ్చి, పైదంతా కొట్టుకుపోయి 1 / (సెక్ − టాన్) మిగులుతుంది. అదీ సెక్ + టాన్‌తో సమానమే, ఇంకో లైను రాయాలంతే. పైనా కిందా రెండు చోట్లా మార్చినవాడే తిప్పలు పడతాడు, ఎంత గింజుకున్నా తిరిగి మొదటికే వస్తాడు. జవాబుల ‘కీ’లో ఉన్నది మొదటి పద్ధతే. రెండోది రాసిన పేపరు చేతికొచ్చినప్పుడు మాస్టారు ‘కీ’ వైపు చూడలేదు. లైను లైనూ చదివి, ప్రతి సమాన గుర్తు మీదా చిన్న రైటు పెట్టి, నాలుగుకు నాలుగు వేశారు.

ఆ రైటు పడే చోటు గమనించాల్సింది. అందరం లైను చివర పెడతాం. ఆయన సమాన గుర్తు నెత్తి మీద పెడతారు. లైను తప్పో ఒప్పో ఆయన పరీక్షించేది కాదు. ఈ లైనుకూ పై లైనుకూ మధ్య ఉన్న ‘సమానం’ నిలబడుతుందా లేదా అన్నదే చూస్తారు. లైను దానంతటది తప్పేమీ కాకపోయినా పై లైను నుంచి రాకపోవచ్చు. అలాంటప్పుడు లైను జోలికి పోకుండా సమాన గుర్తు చుట్టూ సున్న చుడతారు.

చదవడం కూడా మొదట కింది నుంచి పైకి. ఎందుకంటే, దారి దొరకని పిల్లలు సాధారణంగా సొరంగం తవ్వినట్టు రెండు చివర్ల నుంచీ వస్తారు. పై నుంచి రెండు లైన్లు, కింద ఆర్‌హెచ్‌ఎస్ నుంచి వెనక్కి రెండు లైన్లు. మధ్యలో ఎక్కడో రెండూ కలిసినట్టు రాసేస్తారు. పై నుంచి చదువుకుంటూ వస్తే మన కన్ను కూడా ఆ ఊపులోనే గెంతేస్తుంది. కింది నుంచి వెళ్తే అతుకు చటుక్కున తగులుతుంది. అక్కడ అక్షరాలు ఇరుకవుతాయి, కొట్టివేతలు ఎక్కువవుతాయి. ఉన్నట్టుండి ‘సూక్ష్మీకరించగా’ అన్న మాట ఊడిపడుతుంది.

ఒక పేజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకమ్మాయి పేపరు. చక్కటి దస్తూరి. రెండో లైను లవం ఇలా ఉంది:

టాన్ + సెక్ − సెక్² − టాన్²

మూడో లైను లవం ఇది:

(టాన్ + సెక్) − (సెక్ + టాన్)(సెక్ − టాన్)

తర్వాతంతా సవ్యంగా సాగి జవాబు వచ్చేసింది. రెండో లైను చూడండి. 1 స్థానంలో సెక్² − టాన్² పెట్టింది గానీ బ్రాకెట్టు పెట్టలేదు. ముందున్న మైనస్ లోపలి మైనస్‌ను ప్లస్ చేయాలి, చేయలేదు. థీటా 30 డిగ్రీలనుకుంటే తీసివేయాల్సింది 1. అమ్మాయి రాసిన ప్రకారం పోతున్నది 4/3, 1/3 కలిపి 5/3. మరి మూడో లైనుకు వచ్చేసరికి లెక్క మళ్లీ గాడిలో ఎలా పడింది? రెండో లైనులో ఉన్నదాన్ని నిజంగా కారణాంకాలుగా విడగొడితే అలా రాదు. ఒక తప్పు మీద ఇంకో తప్పు చేస్తే రెండూ చెల్లిపోయి ఒప్పు వచ్చింది. కాగితం ప్రకారం అంతే.

మాస్టారి ఎర్ర పెన్ను ఆ రెండో లైను మీద ఆగింది. ఇంటూ కొట్టలేదు. మూడో లైను చూశారు, మళ్లీ రెండోదానికి వచ్చారు. సెక్² ముందొకటి, టాన్² తర్వాతొకటి, ఎర్రగా బ్రాకెట్టు గుర్తులు పెట్టారు. ఆ అమ్మాయిని పిలిచారు.

“ఏమ్మా, ఈ మైనస్ ఎవరిది?”

“సెక్ స్క్వేర్‌ది మాస్టారూ.”

“టాన్ స్క్వేర్‌ది కాదా?”

అమ్మాయి కాగితం మీదికి వంగింది. కాసేపు పట్టింది. “రెండింటిదీనండి. బ్రాకెట్టు పెట్టలేదు.”

“మరి కింది లైను ఎలా వచ్చింది?”

“ఉందనుకునే చేశానండి.”

అర మార్కు తీసి మూడున్నర వేశారు. నాకు మనసొప్పలేదు, తెలిసి చేసిన పిల్లకు అర మార్కు ఎందుకు తీయడమని అడిగాను. ఆయన మాట్లాడకుండా కట్టలోంచి ఇంకో పేపరు లాగి పక్కన పెట్టారు. ఒక కుర్రాడిది. రెండో లైను అచ్చంగా అదే, బ్రాకెట్టు లేకుండా. కానీ మూడో లైనులో ‘− (సెక్² + టాన్²)’ అని కామన్ తీశాడు. తను రాసిన దానికి కట్టుబడ్డాడన్నమాట. అక్కణ్నుంచి దారి లేదు. ఒక లైను ఖాళీ వదిలేసి ఒక్కసారిగా టాన్ + సెక్ దగ్గర తేలాడు. అతనికి ఒకటిన్నర. ఖాళీ పక్కన ఇంటూ కాకుండా ‘ఇక్కడ ఏం జరిగింది?’ అని ఎర్రగా రాసి ఉంది.

ఒకే తప్పుకు రెండు తీర్పులు. తేడా ఆ తప్పులో లేదు, దాని కింది లైనులో ఉంది. అమ్మాయి మనసులో బ్రాకెట్టు ఉందనడానికి మూడో లైనే సాక్ష్యం. కుర్రాడి మనసులో లేదనడానికీ అతని మూడో లైనే సాక్ష్యం. అయితే ఇద్దరూ రెండో లైనులో రాసింది తప్పే కాబట్టి ఇద్దరికీ అక్కడ కొంత పోయింది. ఈ లెక్కన చూస్తే ఆ అర మార్కు న్యాయమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను, కొంచెం అయిష్టంగానే.

ఇంకో రకం పేపర్లుంటాయి. పై లైనులోనే ప్రశ్నలో ఉన్న సమీకరణం మొత్తం రాసేసి, అడ్డగుణకారం చేసి, రెండు వైపులా కుస్తీ పట్టి, చివరికి 1 + సైన్ − కాస్ = 1 + సైన్ − కాస్ అని తేల్చి ‘నిరూపించబడినది’ అంటారు. లెక్క కుదురుతుంది. ఎడమవైపును కాస్‌తో గుణిస్తే వచ్చేది అదే, కుడివైపూ అదే వస్తుంది. కానీ నిరూపించాల్సిన దాన్ని నిజమని మొదటే రాసేసుకుని, దాన్నుంచి నిజాన్ని రాబట్టారు. అబద్ధంలోంచి కూడా నిజాన్ని రాబట్టొచ్చు. 2 = −2 అని రాసి రెండు వైపులా వర్గం చేయండి, 4 = 4 వస్తుంది.

చాలామంది ఇలాంటి పేపరుకు సున్నా పెడతారు, లేదంటే ఏమీ పట్టించుకోకుండా పూర్తి మార్కులిస్తారు. మాస్టారు రెండూ చేయరు. పేజీ మార్జిన్‌లో కింది నుంచి పైకి ఒక బాణం గీస్తారు. చివరి లైను నుంచి మొదటి లైనుకు వెనక్కి నడిచి చూడమని దాని అర్థం. ప్రతి మెట్టూ వెనక్కి కూడా ఎక్కగలిగితే నిరూపణ బతికినట్టే, తలకిందులుగా రాశారంతే. ఇక్కడ ఎక్కొచ్చు, హారాలు సున్నా కానంత వరకు. అందుకని మొదటి లైను పైన ‘దిగువ సమీకరణం చూపితే చాలు’ అని నాలుగు ముక్కలు చేర్చి, పావు తగ్గించి మార్కులేస్తారు.

వర్గం చేసిన చోట మాత్రం బాణం విరిగిపోతుంది. దీనికి ఆయన ఇంటర్ పిల్లలకు చూపించే ఉదాహరణ ఒకటుంది. (1 − సైన్) / (1 + సైన్) కు వర్గమూలం తీస్తే సెక్ − టాన్ అని పదో తరగతిలో నిరూపించి వస్తారు. అల్పకోణాలకు అది నిజమే. రెండు వైపులా వర్గం చేసి చూస్తే ఏ కోణానికైనా సరిపోయినట్టే కనబడుతుంది. థీటా 120 డిగ్రీలు పెట్టండి. వర్గమూలం దాదాపు 0.268. సెక్ 120 అంటే −2, టాన్ 120 అంటే దాదాపు −1.732. తీసివేస్తే −0.268. అంకె అదే, గుర్తు తిరగబడింది. కాస్ రుణాత్మకమైన చోట వర్గమూలం తీసేటప్పుడు ఎవరూ దాన్ని అడగలేదు మరి.

విలువలు పెట్టి చూడటంలో కూడా ఆయనకో పట్టుంది. అనుమానం వచ్చిన లైనులో థీటాకు విలువ పెట్టి పెన్సిల్‌తో మార్జిన్‌లో చూసుకుంటారు. ఎప్పుడూ 30 డిగ్రీలే, 45 ముట్టుకోరు. కారణం తెలిశాక నాకు భలే ముచ్చటేసింది. 45 దగ్గర సైన్, కాస్ సమానం. టాన్, కాట్ సమానం. సెక్, కొసెక్ సమానం. పిల్లవాడు ఒకదాని బదులు ఇంకోటి రాస్తే, అన్నిటికంటే ఎక్కువ చేసే తప్పు అదే, 45 దాన్ని కడుపులో దాచుకుంటుంది. చివర (1 + సైన్) / కాస్ బదులు (1 + కాస్) / సైన్ అని రాసినవాణ్ని 45తో పరీక్షిస్తే రెండూ 1 + రూట్ 2. దొరకడు. 30తో పరీక్షిస్తే సరైనది రూట్ 3, అంటే 1.732. అతనిది 2 + రూట్ 3, అంటే 3.732. వెంటనే దొరుకుతాడు. సున్నా డిగ్రీలు ఇంకా పనికిరాదు, అక్కడ సగం పదాలు మాయమైపోతాయి.

అలాగని 30 దగ్గర సరిపోయిందని ఆయన రైటు కొట్టరు. ఒక్క విలువ దగ్గర తేడా వస్తే లైను చచ్చినట్టే. వంద విలువల దగ్గర సరిపోయినా బతికినట్టు కాదు. విలువలు పెట్టి ‘సరిచూడటం జరిగింది’ అని రాసిన పిల్లలకు అర మార్కుకు మించి రాదు.

ఆ కట్టలో నాకు బాగా నచ్చిన పేపరు దారి తప్పిన కుర్రాడిది. సెక్² − టాన్² సంగతి అతనికి తట్టనే లేదు. మొదటి లైనులోనే అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చేశాడు. లవం సైన్ + 1 − కాస్, హారం సైన్ − 1 + కాస్. ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. ఇతను 1 − కాస్‌ను ఒక ముద్దగా చూశాడు. అప్పుడు పైది సైన్ + ముద్ద, కిందిది సైన్ − ముద్ద. పైనా కిందా పైదాంతో గుణించాడు. హారం సైన్² − (1 − కాస్)² అయి, విప్పితే 2 కాస్ (1 − కాస్) గా తేలింది. లవంలో వర్గాన్ని విప్పి, సైన్² బదులు (1 − కాస్)(1 + కాస్) రాసి, 1 − కాస్‌ను కామన్ తీస్తే 2 (1 − కాస్)(1 + సైన్). కొట్టేయాల్సింది కొట్టేస్తే (1 + సైన్) / కాస్. పేజీన్నర పట్టింది. ఒక చోట 2 మరిచిపోయి, తర్వాత లైనులో గుర్తొచ్చి పైకి వెళ్లి దూర్చాడు.

మాస్టారు ఈ పేపరు చదివినంత నెమ్మదిగా ఇంకేదీ చదవలేదు. ఆ దూర్చిన 2 దగ్గర ఎర్ర పెన్ను ఊరుకుంది. నాలుగుకు నాలుగు వేసి, ‘1 − కాస్’ను కొట్టేసిన చోట మాత్రం చిన్న సున్న చుట్టి ‘సున్నా కాదని ఎలా తెలుసు?’ అని రాశారు.

ఈ సున్నా సంగతి చెప్పాలి. థీటా సున్నా అయితే కాస్ 1, కాబట్టి 1 − కాస్ సున్నా. సున్నాతో కొట్టేయడం నిషిద్ధం. ఇక మొదటి పద్ధతిలో కొట్టేసింది టాన్ − సెక్ + 1 కదా. థీటా సున్నా అయితే టాన్ సున్నా, సెక్ 1, మొత్తం సున్నా. దగ్గరి దారిన పోయినా చుట్టుదారిన పోయినా ఇద్దరూ ఒకే గోతి మీదుగా దాటారు. ఎందుకంటే గొయ్యి ఉన్నది దారిలో కాదు, ప్రశ్నలోనే: థీటా సున్నా దగ్గర ఎడమవైపు 0/0, కుడివైపు నిక్షేపంగా 1. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం ఈ లెక్కలకు ముందే ఒక షరతు పెడుతుంది, కోణాలు అల్పకోణాలనీ, రాసిన వాటికి విలువ ఉన్న చోటే మాట్లాడుతున్నామనీ. ఆ వాక్యం చదివే పిల్లలు అరుదు, చదివించే మాస్టార్లూ అరుదే. అందుకే ఈయన దానికి మార్కు తీయరు, ప్రశ్న మాత్రం వదలరు.

ఇలాంటి లెక్కల వరస కొత్తదేం కాదు. ఎస్.ఎల్. లోనీ త్రికోణమితి పుస్తకం 1893లో వచ్చింది. మన దేశంలో కాలేజీలు దాన్ని తరాల తరబడి చదివించాయి. రామానుజన్ కుంభకోణంలో స్కూలు పిల్లవాడిగా ఉన్నప్పుడే దాన్ని అవపోసన పట్టాడు. ఆ పుస్తకం నిండా నిరూపించమనే లెక్కలు బారులు తీరి ఉంటాయి. పుస్తకాలు లెక్కలిస్తాయి, జవాబులిస్తాయి. పిల్లవాడు మూడో లైనులో రాసింది రెండో లైనులోంచి వచ్చిందో లేదో చెప్పడానికి మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

పబ్లిక్ పరీక్షల తర్వాత జరిగే స్పాట్ వాల్యుయేషన్‌లో ఈ తీరిక ఉండదు. రోజుకిన్ని పేపర్లని లెక్క, మీద చీఫ్ ఎగ్జామినర్, మార్కులు కూడేందుకు స్పెషల్ అసిస్టెంట్లు, చేతిలో ‘కీ’. పిల్లల్ని పిలిచి ‘ఈ మైనస్ ఎవరిది?’ అని అడగడానికి ఉండదు. పేరు కూడా తెలియదు. మాస్టారు అక్కడా అలాగే చదువుతారా అని అడిగితే నవ్వి, కింది నుంచి పైకి చదివితే ఆలస్యం కాదండీ, తొందరగా అవుతుంది, అన్నారు. అతుకు ఎక్కడుందో ముందే తెలిసిపోతే మిగతాది చూడటం సులువట. నేను నమ్మాను.

తర్వాతి వారం స్లిప్ టెస్టులో అదే లెక్క కాస్త వేషం మార్చి ఇచ్చారు. టాన్ బదులు కాట్, సెక్ బదులు కొసెక్, కుడివైపు (1 + కాస్) / సైన్. బట్టీ పట్టినవాళ్లెవరో, పట్టనివాళ్లెవరో దీంతో తేలిపోతుంది. 1 బదులు కొసెక్² − కాట్² పెట్టాలి. చాలామంది పెట్టారు. బ్రాకెట్టు అమ్మాయి ఈసారి బ్రాకెట్టు పెట్టింది గానీ చివర కొసెక్‌ను 1 / కాస్ అని రాసింది. మళ్లీ మూడున్నర. ఒక పిల్లవాడు పాత అలవాటు కొద్దీ 1 బదులు సెక్² − టాన్² పెట్టి, రెండు లైన్లు నడిచి, ముందుకు పోలేక ఆగిపోయాడు. ఆ లైనుకు మాస్టారు ఇంటూ పెట్టలేదు. సెక్² − టాన్² అన్నదీ 1 కాకుండా పోలేదు కదా. సమాన గుర్తు నెత్తి మీద రైటు పెట్టి, పక్కన ‘నిజమే. ఇందులోంచి కాట్ ఎలా తెస్తావు?’ అని రాసి, నాలుగులో ఒక మార్కు వేసి, తర్వాతి పేపరు తీసుకున్నారు.